ఇచ్చు చేతికి అర్హత

వెదుళ్ళలంక మెయిన్ రోడ్డు మీద తన పేరు ఎర్ర లైట్లలో వెలుగుతుందని మంగతాయారుకు తెలుసు. ఆ వెలుగును ఆవిడ దగ్గర్నించి మాత్రం ఎప్పుడూ చూడలేదు. కూరగాయల బజారుకు అదే దగ్గర దారి. అయినా ఆవిడ పంచాయతీ ఆఫీసు వెనకనించి, మురుగుకాలవ గట్టు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేది. 'మంగతాయారు వైన్స్' అన్న బోర్డు ముందు నడుస్తుండగా తెలిసినవాళ్ళెవరైనా "మంగతాయారూ" అని పిలిస్తే, పలకాల్సింది తనో దుకాణమో తెలియని పరిస్థితి వస్తుందని ఆవిడ భయం.

దుకాణం ఆవిడ పేరున ఉండడంలో ఆవిడ ప్రమేయమేమీ లేదు. భర్త సూరిబాబు మద్యం దుకాణాల లాటరీలో తన పేరున దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ చీటీ ఇంకెవరికో తగిలేది. "ఈసారి మీ ఆవిడ పేరున పెట్టి చూడు" అని ఎవరో జాతకాలాయన చెప్పాడు. పెట్టాడు, తగిలింది. సంతకం చేస్తూ "ఇది దేనికండీ" అని మంగతాయారు అడిగితే, "డెయిరీ లాంటిదే అనుకో. పాలు కాదు, అంతే తేడా" అన్నాడు. ఆవిడ దాన్ని పెరుగు అనుకుంది. అసలు విషయం బోర్డు లేచాకగానీ తెలియలేదు. తెలిశాక చాలా రోజులు భర్తతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది గానీ దుకాణం గడప మాత్రం తొక్కలేదు.

అలా జరిగిపోతుండగా పైనెక్కడో కొందరు పెద్దలు అధ్యయన యాత్ర మీద ఏదో దేశం వెళ్ళొచ్చారు. ఆ దేశంలో మద్యం అమ్మాలంటే దుకాణానికి లైసెన్సు ఉంటే చాలదట, అమ్మే మనిషికి కూడా విడిగా ఉండాలట. పెద్దలు అక్కడ చూసిన వాటన్నిటిలోకీ వాళ్ళకు నచ్చింది ఇదే. తిరిగి రాగానే బాధ్యతాయుత మద్య మండలి అని ఒకటి ఏర్పడింది. దానికొక భవనం, ఆ భవనం ముందు నిలబెట్టడానికి ఒక జీపు కూడా ఏర్పడ్డాయి. మండలి మొదటి ఉత్తర్వు ఇలా మొదలైంది:

"మద్యము చేతి నుండి చేతికి మారు పదార్థము. పుచ్చుకొను చేతిని నియంత్రించుట ఇంతవరకు ఎవరికిని సాధ్యపడలేదు. కావున ఇచ్చు చేతికైనను అర్హత ఉండవలెను."

సారాంశమేమిటంటే, దుకాణం ఎవరి పేరున ఉందో ఆ మనిషీ, సీసా అందించే ప్రతి మనిషీ శిక్షణకు వెళ్ళి, పరీక్ష రాసి, వ్యక్తిగత లైసెన్సు తెచ్చుకోవాలి. లైసెన్సు లేని చెయ్యి సీసాను ముట్టుకోకూడదు. బదులు మనుషులు చెల్లరు.

సూరిబాబు ఆ ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఏదైనా కావలసి వచ్చినప్పుడే ఆయన అక్కడ నిలబడతాడు గనక మంగతాయారు పొయ్యి తగ్గించింది.

"ఏం లేదే తాయారూ. జిల్లా టౌనులో కల్యాణ మండపంలో ఏదో శిక్షణంట. నువ్వెళ్ళి ఊరికే కుర్చీలో కూర్చుంటే చాలు. చివర్న పరీక్ష కూడా ఉందంటగానీ, అది నేను మాట్లాడేస్తాలే."

"పరీక్షంటే, పేపరిచ్చి రాయమంటారే, అదా?"

"ఆఁ, అదేలే. నువ్వేం కంగారు పడకు. ఎవరో ఒకరు రాసిపెడతారు."

మంగతాయారు కంగారు పడలేదు. ఆవిడకు పదో తరగతి పరీక్షల ముందు పెళ్ళయింది. హాల్ టికెట్టు శుభలేఖల కట్టలో ఎక్కడో కలిసిపోయింది. తర్వాత ఎవరూ దాన్ని వెతకలేదు. పరీక్ష హాల్లో కూర్చుంటే ఎలా ఉంటుందో అని ఇన్నేళ్ళలో ఆవిడ అప్పుడప్పుడు అనుకుంది. ఎవరితోనూ అనలేదు.

"ఎవరూ రాసిపెట్టక్కర్లేదు. నేను చదివే రాస్తాను," అంది.

సూరిబాబు నవ్వి ఊరుకున్నాడు. అందుకు తర్వాత చాలా విచారించాడు.

కల్యాణ మండపంలో జిల్లా నలుమూలలనుంచి వచ్చిన దుకాణదార్లు, కౌంటర్లలో పనిచేసేవాళ్ళు పెళ్ళి కుర్చీల్లో కూర్చున్నారు. మంగతాయారు దుకాణంలో మొదటినించీ సీసాలందించే కోటిలింగం కూడా వచ్చాడు. శిక్షణ ఇచ్చే అధికారి తారకేశ్వరరావుగారు, మండలిలో బాధ్యత విభాగానికి సంచాలకులు. ఆయన ఇంట్లో ఎలా మాట్లాడేవారో తెలియదు గానీ మైకు ముందుకు రాగానే నోట్లోంచి గెజిట్ వచ్చేది.

"విక్రేత అనగా నెవరు?" అని అడిగారు.

కోటిలింగం చెయ్యెత్తాడు. "అమ్మేవాడండి."

"దోషము. విక్రేత అనగా విక్రయము వీలైనంతవరకు జరుగకుండ చూచుచు, గత్యంతరము లేని పరిస్థితులయందు మాత్రమే విక్రయించు వ్యక్తి. వ్రాసికొనుడు."

అందరూ రాసుకున్నారు. మంగతాయారు కింద గీత కూడా గీసింది.

సీసా అడిగిన ప్రతి మనిషినీ విక్రేత ఐదు ప్రశ్నలు అడగాలని తారకేశ్వరరావుగారు చెప్పారు. ఇంట్లో ఎవరెవరున్నారు? ఇవాళ ఎందుకు తాగాలనిపించింది? తాగాక ఎక్కడికి వెళ్తారు? మీరు తాగితే ఎవరికి ఇబ్బంది? ఆ మనిషిని ఎప్పుడైనా అడిగారా? ఐదింటికీ తృప్తికరమైన సమాధానం వస్తేనే సీసా చేతికివ్వాలి. ఈ ప్రశ్నలు పెద్దలు తెచ్చిన విదేశీ పుస్తకంలోవి. మండలిలో ఎవరో గుమాస్తా తెలుగు చేశాడు. సంచాలకులు సంతకం చేసి, మైకులో చదివారు గానీ అర్థం చూసుకోలేదు. చూసుకుని ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

పరీక్షరోజు మంగతాయారు రెండు పెన్నులు తీసుకెళ్ళింది. మొదటి ప్రశ్న: "ఒక వ్యక్తి దుకాణమునకు వచ్చి సీసా నడిగెను. మీ తక్షణ కర్తవ్యమేమి?" కోటిలింగం "ఇవ్వడం" అని రాశాడు. పక్కవాడు "డబ్బు తీసుకుని ఇవ్వడం" అని రాశాడు. వృత్తి మీద ప్రేమ ఎక్కువున్న ఇంకొకాయన "చల్లటిది ఇవ్వడం" అని రాశాడు. మంగతాయారు అదనపు కాగితం అడిగి తీసుకుంది.

మధ్యాహ్నం ముఖాముఖి. తారకేశ్వరరావుగారు మధ్యలో, జీడిపప్పు తినే సభ్యులిద్దరు చెరోవైపూ కూర్చున్నారు. లోపలికి వచ్చినవాడినల్లా మద్యం అలవాటు ఉందా అని అడిగారు. కోటిలింగం ఉందన్నాడు. "శీలము ప్రశ్నార్థకము" అని రాసుకుని పంపేశారు. ఆ సంగతి బయట తెలిసి, తర్వాతివాడు లేదన్నాడు. "సరుకును గూర్చి పరిజ్ఞానము శూన్యము" అని రాసుకున్నారు. మూడోవాడు తెలివిగా అప్పుడప్పుడు అన్నాడు. "నిలకడ లేదు" అని రాసుకున్నారు.

మంగతాయారు లేదంది.

"అట్లయిన కల్తీ సరుకును ఎట్లు గుర్తించెదరు?"

"వాసనని బట్టి తెలుస్తుందండి."

"ఎవరివద్ద అభ్యసించితిరి?"

"మా ఆయన దగ్గరండి. మంచి సరుకైతే గుమ్మంలోంచే పాట పాడుకుంటూ వస్తారు. తేడా సరుకైతే చెప్పులు తెచ్చి ఫ్రిజ్‌లో పెడతారు."

ముగ్గురూ తలలు దగ్గరికి చేర్చారు. ఒకాయన నమలడం ఆపాడు. చివరికి తారకేశ్వరరావుగారు పెన్ను తీసి "పరోక్షానుభవము: విశిష్టము" అని రాశారు.

ఫలితాలొచ్చాయి. జిల్లా మొత్తంలో ఒకే ఒక్క మనిషికి వ్యక్తిగత లైసెన్సు వచ్చింది. మిగతా దుకాణాలన్నీ మూతబడ్డాయి. "జిల్లాలో లైసెన్సు లేని విక్రేత ఒక్కడును లేడు" అని మండలి పత్రికలకు ప్రకటన ఇచ్చింది. అందులో అబద్ధమేమీ లేదు.

ఫోటో ఉన్న ఆ కార్డును మంగతాయారు ఇంట్లో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. పేరు తప్పుల్లేకుండా ఉంది. ఫోటోలో కాస్త భయపడినట్టుంది గానీ ఆవిడే.

"చాలా మంచిదయిందే," అన్నాడు సూరిబాబు. "ఇంక ఆ కార్డు గోడకి తగిలించేసి నువ్వు ఇంట్లో ఉండు. కోటిలింగం చూసుకుంటాడు."

"కోటిలింగం చెయ్యి ముట్టుకోకూడదు కదండీ. మీ చెయ్యి కూడా," అంది మంగతాయారు. కార్డు మెళ్ళో వేసుకుని, ఆ రోజు మెయిన్ రోడ్డు మీదుగానే వెళ్ళింది.

దుకాణం ముందు మండలివాళ్ళు వచ్చి తెల్ల రంగుతో ఒక గీత గీశారు. దాని పేరు అర్హతారేఖ. కొనేవాళ్ళు కాక, లైసెన్సున్నవాళ్ళే దాన్ని దాటాలి. సూరిబాబు తన దుకాణం ముందు గీతకు ఇవతల స్టూలేసుకుని కూర్చున్నాడు. కోటిలింగం ఆయన పక్కన నిలబడి "కింద అరలో ఎడంవైపండి, దాని వెనకాలదండి" అంటూ సరుకున్న చోటు చెప్పేవాడు. చుట్టుపక్కల దుకాణాలన్నీ మూతబడ్డాయేమో, వరస బస్టాండు దాకా వెళ్ళింది. దాన్ని చూసి సూరిబాబుకు కళ్ళు చెమర్చాయి.

మొదట వచ్చినవాడు వడ్రంగి ఏడుకొండలు. మంగతాయారు ఇంటి తలుపులన్నీ అతను చేసినవే.

"అన్నయ్యా, ఇంట్లో ఎవరెవరున్నారు?"

"అదేంటి చెల్లెమ్మా, నీకు తెలీదేంటి?"

"తెలిసినా అడగాలంట. రూలు."

"మీ వదినా, పిల్లా."

"ఇవాళ ఎందుకు తాగాలనిపించింది?"

ఏడుకొండలు ఆలోచనలో పడ్డాడు. ఇన్నేళ్ళలో ఏ దుకాణంలోనూ అతన్ని ఎవరూ ఆ మాట అడగలేదు. "నిన్న తాగాను గదండీ," అన్నాడు, మంగతాయారును మొదటిసారి అండీ అంటూ.

"మరి నిన్నెందుకు తాగావు?"

"నిన్నటి సంగతి గుర్తులేదండి."

వరసలో నవ్వులు లేచాయి. మంగతాయారు నవ్వలేదు. చేతిలో ప్రశ్నల అట్ట పట్టుకుని మిగతావి కూడా చదివింది. తాగాక ఇంటికే వెళ్తానన్నాడు ఏడుకొండలు. ఎవరికి ఇబ్బంది అంటే మాత్రం కాసేపు తల గోక్కున్నాడు.

"పిల్లకుంటదేమో. టెన్త్ గదా. నేను రావడం చూసి పుస్తకాలు అట్టుకుని పక్కింటోళ్ళ డాబా మీదికి ఎళ్ళిపోద్ది."

"ఆ పిల్లని ఎప్పుడైనా అడిగావా?"

"ఏమని?"

"ఏమనో ఇందులో రాయలేదు. అడిగావా అనే ఉంది."

ఏడుకొండలు వరసలోంచి పక్కకు తప్పుకున్నాడు. "అడిగొత్తాను, ఉండండి," అని వెళ్ళాడు. మూసేవేళదాకా మంగతాయారు చూసింది గానీ అతను మళ్ళీ రాలేదు.

ఆవిడ పంతానికి పోయి ఎవర్నీ కాదనలేదు. పుస్తకంలో ఉన్నదే చేసింది. రిటైరైన పోస్టు మాస్టారుగారొకాయన, తాగితే ఎవరికి ఇబ్బంది అంటే, "తాగకపోతేనే మా ఆవిడకి ఇబ్బందమ్మా. తెల్లార్లూ కూర్చోబెట్టి రాజకీయాలు చెప్తాను. రెండు చుక్కలు పడితే నిద్రపోతాను. ఆవిడే పంపింది" అన్నారు. మంగతాయారుకు అది తృప్తికరంగానే అనిపించింది. సీసా ఇచ్చి, ఆవిణ్ణి అడిగానని చెప్పమంది. కానీ ఎక్కువమంది నాలుగో ప్రశ్న దగ్గర వెనక్కి తిరిగి చూసేవారు. వెనకాల నిలబడ్డవాళ్ళంతా ఎరిగినవాళ్ళే, వింటున్నారు. అబద్ధం చెబితే వరసలోంచి ఎవరో ఒకరు "అదేంటి బావా, మొన్న కంచం విసిరేశావు గదా" అని గుర్తుచేసేవారు. రానురాను వరస బస్టాండునించి సెంటరుకు, సెంటరునించి దుకాణం మెట్లకు వచ్చేసింది. సూరిబాబుకు మళ్ళీ కళ్ళు చెమర్చాయి, వేరే కారణాన.

ఆయనకు ఇంకో కష్టం కూడా వచ్చిపడింది. ఇంటినిండా, గోడౌన్ నిండా సరుకుంది. కానీ లైసెన్సున్న చేతిమీదుగా తప్ప ఒక్క సీసా కూడా కదలదు. ఇంట్లో అడగడానికి మొహం చెల్లలేదు. చివరికి ఒక సాయంత్రం స్టూలు మీంచి లేచి, తన దుకాణం ముందు తనే వరసలో నిలబడ్డాడు. జనం దారి ఇవ్వబోతే వద్దన్నాడు. అందరితోపాటు వెళ్తే గట్టిగా అడగదులే అనుకున్నాడు.

"ఇంట్లో ఎవరెవరున్నారండీ?" అంది మంగతాయారు అట్టలోకి చూస్తూ.

"నువ్వు."

"పేరు చెప్పాలండి."

"మంగతాయారు."

వెనకాల ఎవరో దగ్గారు. ఎందుకు తాగాలనిపించిందంటే అలసటన్నాడు. రోజంతా స్టూలు మీద కూర్చున్నందుకు కాదు, ఎప్పటిదో అన్నాడు. తాగాక ఇంటికే అన్నాడు.

"మీరు తాగితే ఎవరికి ఇబ్బంది?"

సూరిబాబు కౌంటరు మీది బల్బు కేసి చూశాడు. "ఉంటే నీకే ఉండాలి మరి."

"ఆ మనిషిని ఎప్పుడైనా అడిగారా?"

ఆవిడ గొంతులో వెటకారం లేదు. అందర్నీ అడిగినట్టే అడిగింది. అదే ఆయనకు కష్టంగా తోచింది. వెనకనించి ఎవరో "అడగలేదని చెప్పేయండి బాబూ, లైను కదుల్తుంది" అన్నారు. సూరిబాబు వట్టి చేతుల్తో మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి మంగతాయారు వడ్డిస్తుంటే ఆయన కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉన్నాడు.

"ఆ అయిదోది," అన్నాడు కాసేపటికి. "ఇప్పుడడిగితే లెక్కలోకొస్తుందా?"

"పుస్తకంలో టైమేం పెట్టలేదండి."

"అయితే అడుగుతున్నాను. చెప్పు."

మంగతాయారు ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టాక ఆవిడకే తెలియలేదు, ఇంత ఉందని. ఆయన మధ్యలో ఒకటి రెండుసార్లు అడ్డం చెప్పబోయి మానుకున్నాడు. చారు చల్లారిపోయింది. ఇద్దరూ ఆ చల్లారిన చారుతోనే తిన్నారు.

ఇది జరిగిన కొద్దిరోజులకే మండలినించి మంగతాయారుకు రెండు ఉత్తరాలొచ్చాయి. ఒకటి సన్మానానికి రమ్మని, ఇంకోటి సంజాయిషీకి రమ్మని. తేదీ ఒకటే, గది కూడా ఒకటే.

గదిలో రెండు బల్లలున్నాయి. కిటికీ దగ్గరి బల్ల మీద 'బాధ్యత విభాగము' అని పలక ఉంది. గోడ దగ్గరి బల్ల మీద 'లక్ష్య విభాగము' అని ఉంది. తారకేశ్వరరావుగారు కిటికీ దగ్గరినుంచి లేచి వచ్చి ఆవిడ భుజాల మీద శాలువా కప్పారు.

"రాష్ట్రమునందలి విక్రేతలకు మీరు మార్గదర్శకులు. మీ దుకాణమునందు బాధ్యత పరాకాష్ఠకు చేరినది," అని ప్రశంసాపత్రం చదివి చేతికిచ్చారు. తర్వాత "ఒక్క క్షణము" అని గదికి అడ్డంగా నడిచి గోడ దగ్గరి బల్ల వెనక కూర్చుని, వేరే కళ్ళజోడు పెట్టుకుని ఆవిడ వంక కోపంగా చూశారు. లక్ష్య విభాగం సంచాలకులు రిటైరయినప్పటినుంచి ఆ సీటుకు అదనపు బాధ్యుడు ఆయనే.

"మీ దుకాణమునందు విక్రయములు పాతాళమునకు చేరినవి. మీరు ప్రజలను ప్రశ్నలతో భయభ్రాంతులను చేయుచున్నట్లు ఈ విభాగమునకు సమాచారము."

"ఆ ప్రశ్నలు మీరు నేర్పినవేనండి."

"నేర్పినది బాధ్యత విభాగము. ఆ సంగతి వారితో మాటలాడుకొనవలెను."

మంగతాయారు కిటికీ దగ్గరి బల్లకేసి చూసింది. "పోనీ ఒకసారి అక్కడికి వస్తారాండీ? మాట్లాడదాం."

"అచటి అధికారి ప్రస్తుతము సీటునందు లేరు."

తారకేశ్వరరావుగారే మళ్ళీ అందుకున్నారు. ఈసారి గొంతు కొంచెం తగ్గించి, "మీరు ఆ ప్రశ్నలను నిజముగానే అడుగుచున్నారా?" అన్నారు.

"అడగమన్నారు కదండీ."

"అడుగుమనుట వేరు, అడుగుట వేరు. శిక్షణలో చెప్పునవి శిక్షణ కొరకు. ఇది విధి నిర్వహణలో అతిబాధ్యత క్రిందికి వచ్చును."

"మరైతే శాలువా తిరిగిచ్చెయ్యాలాండీ?"

"శాలువా బాధ్యత విభాగపు ఆస్తి. దానిపై మాకు అధికారము లేదు."

మంగతాయారు సంజాయిషీ రాయడానికి ఒప్పుకోలేదు. పుస్తకంలో ఏ పేజీ తప్పో చూపిస్తే రాస్తానంది. పుస్తకం లక్ష్య విభాగం దగ్గర లేదు. దాంతో విషయం తేల్చడానికి రెండు విభాగాల అధిపతుల ఉన్నతస్థాయి సమావేశం జరిగింది. తారకేశ్వరరావుగారు తలుపులు వేసుకుని చాలాసేపు చర్చించారు. లోపలికి రెండు టీలు వెళ్ళాయి. రెండు గ్లాసులూ ఖాళీగా తిరిగొచ్చాయి.

సమావేశం తర్వాత కొత్త ఉత్తర్వు వచ్చింది. ప్రశ్నలు రద్దు కాలేదు. బాధ్యత విషయంలో మండలి వెనక్కి తగ్గదు. ఐదు ప్రశ్నలూ అచ్చువేసి దుకాణం గోడకు అతికించాలి. "కొనుగోలుదారుడు చేయి చాచుటయే ఐదు ప్రశ్నలకును తృప్తికరమగు సమాధానముగా పరిగణింపవలెను." పాత లైసెన్సు చెల్లదు, అందరికీ మళ్ళీ పరీక్ష. ఈసారి ఒకటే ప్రశ్న: "అడిగినవానికి ఆలస్యము చేయక ఇచ్చెదరా? అవును, కాదు. ఒకదానిపై టిక్కు పెట్టుడు."

పరీక్షకు బయల్దేరేముందు సూరిబాబు భార్య వంక చూశాడు. ఈసారి ఆయన కూడా రాస్తున్నాడు.

"ఏది పెట్టాలో తెలుసు గదా?"

"తెలుసండి."

తెలిసే, మంగతాయారు హాల్లో చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. ముందువరసలో కోటిలింగం అప్పటికే రాసేసి లేచాడు. తను ఆ టిక్కు పెట్టేస్తే కార్డు ఉంటుంది, దుకాణం ఉంటుంది. గోడకు అతికించిన కాగితం కింద నిలబడి చాచిన చెయ్యికల్లా సీసా అందిస్తూ ఉండాలి. ఏడుకొండలు కూడా ఏదో ఒకరోజు చెయ్యి చాస్తాడు. ఆవిడ 'కాదు' మీద టిక్కు పెట్టి, చెదిరిపోకుండా ఊది, ఇచ్చేసి బయటికొచ్చింది. తెలిసి తప్పడం కూడా బాగానే ఉంటుందని అప్పుడే తెలిసింది.

జిల్లా అంతా పాసయింది. ఒక్కరు తప్ప. కోటిలింగానికి ప్రథమ శ్రేణి వచ్చింది. దుకాణం సూరిబాబు పేరుకు మారింది, బోర్డు కూడా మారింది. ఆయన తాగడం మానేశాడని చెప్పలేం. వారంలో కొన్నిసార్లు మానేస్తున్నాడు. తాగిన రోజు మాత్రం వచ్చి ముందు, "ఇవాళ ఎలా ఉంది నీకు?" అని అడుగుతాడు. మంగతాయారు ఉన్నది ఉన్నట్టే చెబుతుంది. ఆ భయానికి ఆయన ఒక్కోసారి దారిలోనే ఆగి, ఏం తాగకుండా వచ్చేస్తాడు.

ఒకరోజు పొద్దుగూకే వేళ ఏడుకొండలు మంగతాయారు ఇంటి వీధి అరుగు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అక్కడ చెయ్యి చాపితే చాలు, ఇచ్చేత్తన్నారు చెల్లెమ్మా. ఏంటో బాగోలేదు. ఓసారి నువ్వడుగు. తర్వాత ఎళ్ళేవాణ్ణి ఎళ్తాను."

మంగతాయారు అడిగింది. చివరి ప్రశ్న దాకా వచ్చాక అతను కదిలి వెళ్ళాడు. ఎటు వెళ్ళాడో ఆవిడ చూడలేదు. మర్నాడు ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. తర్వాత్తర్వాత అరుగు చాలక, మిగిలిన చెక్కలతో ఒక బల్ల కొట్టి తెచ్చి వేశాడు. కొందరు అడిగించుకుని నేరుగా దుకాణానికే వెళ్ళేవాళ్ళు. కొందరు ఇంటికి వెళ్ళేవాళ్ళు. పెళ్ళాన్ని తీసుకుని మళ్ళీ వచ్చినవాళ్ళు కూడా ఒకరిద్దరున్నారు.

సంగతి మండలి దాకా వెళ్ళింది. ఒక సాయంత్రం జీపు వచ్చి వీధి మొదట్లో ఆగింది. అందులోంచి మండలి ప్యూను సత్తిరాజు దిగి, సీలేసిన కవరు పట్టుకుని వచ్చాడు. బల్ల మీద కూర్చున్నవాళ్ళంతా సర్దుకున్నారు. మంగతాయారు కవరు చింపి అందరికీ వినపడేలా చదివింది.

"మీరు ఎట్టి లైసెన్సును లేకయే, మద్యము సేవింప నుద్దేశించిన వ్యక్తులను బహిరంగముగా ప్రశ్నించుచున్నట్లు మండలి దృష్టికి వచ్చినది. ప్రశ్నించు అధికారము లైసెన్సుదారులకు మాత్రమే కలదు. లైసెన్సుదారులు ప్రశ్నింపనక్కరలేదు. కావున ఇకపై ఎవ్వరును ఎవ్వరిని ప్రశ్నింపరాదు. ఉల్లంఘించినచో తీవ్రమగు చర్య తీసికొనబడును."

కింద రెండు సంతకాలున్నాయి. రెండూ ఒకేలా ఉన్నాయి.

"ముట్టినట్టు ఇక్కడొక సంతకం పెట్టండమ్మా," అన్నాడు సత్తిరాజు. మంగతాయారు పెట్టింది. అతను రసీదు మడిచి సంచీలో పెట్టుకున్నాడు గానీ కదల్లేదు. వీధి మొదట్లో జీపు డ్రైవరు హారను కొట్టాడు. సత్తిరాజు చెయ్యి ఊపి, నువ్వెళ్ళు అన్నాడు.

"ఇంకేమైనా ఇవ్వాలా బాబూ?"

"కాగితాలైతే అయిపోయాయండి." అతను రెండు కాళ్ళూ మార్చి మార్చి నిలబడ్డాడు. తర్వాత చొక్కాకున్న మండలి బిళ్ళను విప్పి జేబులో వేసుకున్నాడు. "డ్యూటీ కూడా అయిపోయిందండి."

ఏడుకొండలు కాస్త ముందుకు జరిగి చోటిచ్చాడు. సత్తిరాజు బల్ల చివర కూర్చుని, తన వంతు కోసం చేతులు కట్టుకున్నాడు.